కాలిన చేతికి నీళ్ళు

తమిళనాడులోని కోవిల్‌పట్టిలో ఒళ్ళు కాలితే జనం పూయని వస్తువంటూ లేదు, నీళ్ళు తప్ప. టూత్‌పేస్టు, పెన్ను ఇంకు, ఇడ్లీ పిండి, కోడిగుడ్డు సొన, పసుపు. కాజువాల్టీలో నర్సుగా వీటన్నిటినీ పచ్చి గాయం మీద నుంచి తుడిచాను, గీకాను, ఒక్కోసారి పట్టకారుతో ఊడబెరికాను. అలా ఊడబెరికేటప్పుడు ఆ మనిషి పెట్టే అరుపు వింటే ఎవరికైనా జాలి పుడుతుంది. నాకు ముందు కోపం వస్తుంది, జాలి ఆ తరవాత. పూసుకొచ్చినవాళ్ళ మీద కాదు నా కోపం. వాళ్ళకు ఎవరు చెప్పారు గనక? చదువుకుని, తెల్ల యూనిఫారం వేసుకుని, చెప్పాల్సిన చోట నిలబడి కూడా చెప్పని మా మీద.

కడల మిఠాయి చేసే చోటి నుంచి వచ్చేవాళ్ళ సంగతి వేరు. కడల మిఠాయి అంటే మీ ఊళ్ళలో పల్లీపట్టీ అంటారే, అదే. మా ఊరు బతికేది అగ్గిపెట్టెల మీదా దాని మీదా. బెల్లం పాకం కుతకుతలాడుతుండగా వేయించిన వేరుశనగ పప్పు అందులో కలిపి, బల్ల మీద పోసి, చేతులకూ కర్రకూ బియ్యప్పిండి అద్దుకుంటూ వత్తుతారు. పిండి ఉంటే పాకం అంటుకోదు. అందుకని చెయ్యి కాలితే కూడా ఆ పిండిలోనే కుక్కుతారు. పాకం నీళ్ళలాగా జారిపోదు, తోలుకు పట్టుకుని లోపలికి కాలుస్తూనే ఉంటుంది. దాని మీద పిండి కప్పితే వేడి బయటికి పోయే దారి కూడా మూసుకుపోతుంది. పైగా పొయ్యి దగ్గర నీళ్ళ కుండ ఉంచరు. పప్పుకు తడి తగిలితే సరుకు మెత్తబడిపోతుందని, తడి చేత్తో లోపలికి వచ్చిన మనిషిని తిట్టి పంపుతారు. కాలిన మనిషికి అందుబాటులో పిండి ఉంటుంది, నీళ్ళు ఉండవు.

మా చిన్నమ్మ, అంటే మా అమ్మ చెల్లెలు, ఇరవైల వయసు నుంచి అక్కడే పని చేస్తోంది. నేను ఆమె ఇంట్లోనే ఉంటూ ఆస్పత్రికి పోయి వస్తాను. మా పల్లె కోవిల్‌పట్టి నుంచి బస్సులో పోయి, దిగి నల్లరేగడిలో నడిచిపోయే దూరంలో ఉంది. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. చదవడం, రాయడం అంతా తమిళంలోనే మాకు. తెలుగు అక్షరాలు నేను పెద్దయ్యాక పంతం పట్టి నేర్చుకున్నాను.

నర్సింగ్ విరుదునగర్‌లో చదివాను. గాలి ఇటు తిరిగితే మిరపకాయల మండీ ఘాటు క్లాసులోకి వచ్చి అందరం దగ్గేవాళ్ళం. అక్కడ మాకు పాఠం చెప్పిన మేడమ్ ఒకామె ఉండేది. పొట్టి మనిషి, గొంతు మాత్రం బస్‌స్టాండు మైకే. "ఎందుకు చేస్తున్నావో చెప్పలేకపోతే ఆ పని చెయ్యొద్దు. పెద్దవాళ్ళు చేశారు కాబట్టి అన్నది జవాబు కాదు" అనేది. కాలిన గాయాల పాఠం ఆమె చెప్పిందే. దేశదేశాల్లో ఎందరో రోగుల్ని చూసి, పోల్చి, తేల్చుకున్న సంగతి ఇది: కాలిన చోట చల్లటి కొళాయి నీళ్ళు ఇరవై నిమిషాలు ధారగా పోయాలి. ఐసు వద్దు, పిండి వద్దు, పేస్టు వద్దు. వెంటనే పోస్తే చాలా మంచిది, ఆలస్యమైనా మూడు గంటల లోపల పోస్తే మేలు జరుగుతుంది. గాయం లోతు తగ్గుతుంది, చర్మం అతకాల్సిన అవసరం తగ్గుతుంది. ఇంత చవకైన వైద్యం ఇంకోటి లేదు. అందుకే కాబోలు ఎవరి కంటికీ ఆనలేదు.

కోవిల్‌పట్టిలో నేను చేరిన ఆస్పత్రి మధ్యరకంది. పేరు చెప్పను. మొదటి వారంలోనే మేట్రన్‌ను అడిగాను, కాలినవాళ్ళకు నీళ్ళు పోయడానికి కాజువాల్టీలో ఒక తొట్టి, ఒక పొడుగు గొట్టం పెడదామని. ఆవిడ నన్ను కిందనుంచి మీది దాకా చూసింది.

"నువ్వు పుట్టకముందు నుంచీ కాలిన చేతులు చూస్తున్నాను. నీళ్ళు పోస్తే బొబ్బలు లేస్తాయి" అంది.

బొబ్బలు లేచేది కాలినందుకు, నీళ్ళు పోసినందుకు కాదు అన్నాను. చాలా మర్యాదగానే అన్నాను, ఇప్పటి నోరు అప్పుడు లేదు. డాక్టర్ దగ్గరికి పోతే ఆయన తల ఊపాడు. "మీరు చెప్పింది కరెక్టే సిస్టర్. కానీ ట్యాంకరు నీళ్ళతో నడుస్తున్న ఆస్పత్రి. నేలంతా తడి అవుతుంది. పెద్దావిడతో గొడవెందుకు?" అన్నాడు. కరెక్టే అని ఒప్పుకుని చెయ్యని మనిషి మీద వచ్చే కోపం, తెలియక కాదన్న మనిషి మీద కూడా రాదు. మేట్రన్‌కైనా ఒక నమ్మకం ఉంది. ఈయనకు నిజం తెలుసు, ఆ నిజం కన్నా నేల పొడిగా ఉండటం ముఖ్యం.

ఆ ఏడాదే తనిఖీకి ఎవరో వస్తున్నారని గోడలకు రంగులు వేశారు. నర్సులంతా పరిశోధన చదివి పని చేస్తున్నట్టు కనబడాలని పోస్టర్లు రాయమన్నారు. నాకు కాలిన గాయాల పోస్టరే ఇచ్చారు. కొళాయి కింద చెయ్యి పెట్టిన బొమ్మ గీసి, ఇరవై నిమిషాలు అని పెద్ద అక్షరాలతో రాశాను. కాజువాల్టీ తలుపు పక్కనే అతికించారు. వచ్చినవాళ్ళు చూసి మెచ్చుకుని, కాఫీ తాగి పోయారు. ఆ పోస్టర్ కిందనే బెంచీ వేసి, దాని మీద కాలినవాళ్ళను కూర్చోబెట్టి, తెల్ల ఆయింట్‌మెంట్ పూసి పంపేవాళ్ళం. చెప్పేవి శ్రీరంగనీతులు అని మా అమ్మమ్మ ఊరికే అనలేదు.

చిన్నమ్మకు మాత్రం ఇంట్లో చెప్పి చెప్పి నా నోరు నొచ్చింది. ఒక బకెట్ నీళ్ళు పొయ్యి గది బయటైనా పెట్టమని ఓనరును అడుగు అంటే నవ్వేది.

"సుమ్మా ఊరుకో పాపా. పాకం దగ్గర నీళ్ళంటే ఆయన మమ్మల్నే బయటికి తోస్తాడు. మా అత్త కాలం నుంచి పిండే పూస్తా ఉండాము. ఎవురు సచ్చినారు?"

చచ్చినవాళ్ళు లేరు నిజమే. వేళ్ళు ముడుచుకుపోయి, పనికి పనికిరాక ఇంట్లో కూర్చున్నవాళ్ళు ఆ వీధిలోనే ఉన్నారు. వాళ్ళ చేతులు అలా అయింది తలరాత వల్ల అనుకునేవాళ్ళు. పిండి మీద ఎవరికీ అనుమానం రాలేదు.

దీపావళి ఆర్డర్లు మీద పడ్డ రోజుల్లో ఒక మధ్యాహ్నం ఆటోలో చిన్నమ్మను తెచ్చారు. పాకం గిన్నె వంచుతుంటే పట్టుకున్న గుడ్డ జారిందట. కుడి చెయ్యి మణికట్టు నుంచి వేళ్ళ దాకా తెల్లగా, పిండి ముద్దలో ముంచి తీసినట్టుంది. గాజులు పిండిలో కూరుకుపోయి ఉన్నాయి. కాలి అరగంట కూడా కాలేదని వెంట వచ్చినామె చెప్పింది. మూడు గంటలు ఎక్కడ, అరగంట ఎక్కడ. నాకు ఏడుపు రాలేదు. లెక్క వేసుకున్నాను, టైముంది అనుకున్నాను.

డ్రెస్సింగ్ గదిలో డాక్టర్లు చేతులు కడుక్కునే సింకు ఉంది. చిన్నమ్మను అక్కడికి లాక్కుపోయి, గాజులు తీసి, కొళాయి విప్పాను. నీళ్ళు తగలగానే ఆమె వీధి చివరికి వినబడేటట్టు అరిచింది.

"అయ్యో వొద్దు పాపా! మండిపోతాది! పిండి పొయ్యేస్తాది!"

"పోవాల్సింది ఆ పిండే సిన్నమ్మా. సెయ్యి తియ్యొద్దు."

పిండి కరిగి, దాని కింద పాకం కూడా కరిగి, సింకులోకి గోధుమరంగు నీళ్ళు పోతున్నాయి. అరుపు విని మేట్రన్ వచ్చింది. చెయ్యి చాపి కొళాయి కట్టేసింది. నేను విప్పాను. మళ్ళీ కట్టేసింది. ఎదిగిన ఇద్దరు ఆడవాళ్ళం, నీళ్ళ పంపు దగ్గర బిందెల కోసం కొట్టుకునేవాళ్ళ లాగా ఆ పిడిని అటూ ఇటూ తిప్పాం. మేట్రన్ నేతవాళ్ళ ఇంటి ఆడపడుచు, ఆవిడ ఇంటి భాషా మా భాషే. ఆస్పత్రిలో అందరి ముందూ తమిళమే మాట్లాడుతుంది, పక్కకు పిలిచి తిట్టాలంటే తెలుగు. ఇప్పుడు ఆవిడ నాతో కాదు, చిన్నమ్మతోనే తెలుగులో చెప్పింది, చాలా నెమ్మదిగా, ప్రేమగా.

"సెయ్యి తీయి అక్కా. నీళ్ళు సేరితే సీము పడతాది. ఇది నిన్న మొన్న సదివొచ్చిన పిల్ల, దీనికేం తెలుసు? నేను మందు పూస్తా రా."

చిన్నమ్మ చెయ్యి లాక్కుంది. నేను ఆ మోచెయ్యి పట్టుకున్నాను, వదల్లేదు. ఇంక ఆ సింకు దగ్గర పని జరగదని తెలిసి, ఆమెను బయటి హాల్లోకి ఈడ్చుకొచ్చాను. అక్కడ పేషంట్ల కోసం తాగే నీళ్ళ క్యాను స్టాండు మీద ఉంటుంది. దాని కుళాయి కింద ఆమె చెయ్యి పెట్టాను, కింద నేల తుడిచే బకెట్ పెట్టాను. క్యాను అయిపోతుంటే ఎవరి అమ్మకో తోడుగా వచ్చిన ఒకాయన, అడగకుండానే లేచి, మూలనున్న నిండు క్యాను భుజానికెత్తి తెచ్చాడు. ఆయనకు మా గొడవ ఏమీ తెలియదు. నీళ్ళు కావాలని మాత్రం అర్థమైంది. ఇరవై నిమిషాలు గోడ గడియారం చూసి పోశాను. మేట్రన్ తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడింది. డాక్టర్ వచ్చి, తడిసిన నేలను చూసి, చిన్నమ్మ చెయ్యిని చూసి, "సరే సరే, డ్రెస్సింగ్ చెయ్యండి" అని గదిలోకి పోయాడు.

మరుసటి రోజు నన్ను కాజువాల్టీ నుంచి తీసి పై అంతస్తుకు వేశారు. పై అధికారి మాట మీరడం, పేషంట్ల తాగునీళ్ళు పారబోయడం, అవీ నా నేరాలు. పారబోయడం! ఆ మాట విన్నప్పుడు ఒళ్ళు మండి, మెట్లమీదే చెప్పు తీసి విసరాలనిపించింది. విసరలేదు. ఉద్యోగం కావాలి కదా.

చిన్నమ్మ చెయ్యి మానింది. అరచేతి వెనక తోలు గులాబీరంగు తిరిగింది, వేళ్ళన్నీ వంగాయి, జడ తానే వేసుకుంది, మళ్ళీ పనికి పోయింది. ఇక చూడండి తమాషా. మేట్రన్ తన ఆయింట్‌మెంట్ గుణమంది. డాక్టర్ తను రాసిన యాంటీబయాటిక్ గుణమన్నాడు. చిన్నమ్మ అయితే వీధంతా చేతిని ఎత్తి చూపించి, ముందుగానే పిండి కుక్కడం వల్ల బతికిందని చెప్పుకుంది. నీళ్ళు పోసి నేను కొంచెం చెడగొట్టినా పిండే కాపాడిందట! ఇంట్లో నాకు సాంబారు వడ్డిస్తూ ఆ మాట చెప్పింది.

అన్నిటికన్నా ఎక్కువ కోపం తెప్పించింది వేరే సంగతి. నీళ్ళే కాపాడాయని నేను గట్టిగా అనలేను. ఒక్క చెయ్యి దేనికీ రుజువు కాదు. అది అంత లోతుగా కాలలేదేమో, నీళ్ళు పోయకపోయినా మానేదేమో. వందలమందిని పోల్చి చూస్తే తెలిసే సంగతిని ఒక్కరిలో చూపించడం కుదరదు. విరుదునగర్‌లో నాకు నేర్పిన నిజాయితీ అది, వాదన వచ్చినప్పుడు నా నోరు కట్టేసేదీ అదే. ఒక్కటంటే ఒక్క చెయ్యి చూసి మిగతా ముగ్గురూ సంతోషంగా గెలిచారు. తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అన్నట్టు బతికేవాళ్ళకు రుజువుతో పనేముంది?

కొన్ని నెలలకు మనుషులు దొరక్క నన్ను మళ్ళీ కాజువాల్టీకి దించారు. గొట్టం లేదు, తొట్టి లేదు. పోస్టర్ మాత్రం ఉంది, ఒక మూల ఊడి వేలాడుతూ. మేట్రన్ లేని షిఫ్టుల్లో కాలినవాళ్ళు వస్తే సింకు దగ్గరికి తీసుకుపోయేదాన్ని. ఆవిడ ఉన్నప్పుడు వస్తే పోట్లాడేదాన్ని. కొన్నిసార్లు గెలిచాను, ఎక్కువసార్లు ఓడాను.

ఒక ఉదయం ఒక యువతి వచ్చింది. చంటిబిడ్డను అత్తగారు ఎత్తుకుని వెనక నిలబడింది. ఆ యువతి కడల మిఠాయి పనికి కొత్త. కుడి చెయ్యి బొటనవేలు, దాని పక్క సందు, అరచెయ్యి, అంతా పిండి ఎండి గట్టిపడి, పగుళ్ళలోంచి పసుపురంగు నీరు కారుతోంది. కాలింది ముందురోజు మధ్యాహ్నం. నీళ్ళకు టైము ఎప్పుడో దాటిపోయింది.

"వెంటనే ఎందుకు రాలేదమ్మా? ఇది పూసిందెవరు?" అని తమిళంలో అడిగాను. తిట్టేటట్టే అడిగాను.

ఆమె నా ముఖం చూసి బెదరకుండా, ఇది నాకు సంతోషం కలిగించే కబురన్నట్టు చెప్పింది. "మీ చిన్నమ్మేనక్కా. తన చెయ్యి చూపించి, నాకు దీనితోనే మానింది, భయపడొద్దు అని తనే పూసింది. ఆస్పత్రికి పోతే నీళ్ళు పోసి చెడగొడతారు, రేపు పోదువులే అంది."

నేను ఆ పిండిని నానబెట్టి, ఊడదీసి, కట్టు కట్టాను. ఊడదీస్తుంటే అత్తగారు బిడ్డ ముఖాన్ని తన కొంగుతో కప్పింది. డాక్టర్ చూసి, ఇది మన చేతిలో లేదు, విరుదునగర్ పెద్దాస్పత్రికి పొమ్మన్నాడు. చర్మం అతకాలి, అతికినా బొటనవేలు పూర్తిగా వంగకపోవచ్చు అన్నాడు. బిడ్డకు పాలిచ్చేటప్పుడు తల ఏ చేత్తో పట్టుకోవాలని ఆమె అడిగింది. డాక్టర్ పెద్దాస్పత్రికి ఉత్తరం రాయడం మొదలుపెట్టాడు.

సాయంత్రం ఇంటికి పోయేసరికి చిన్నమ్మ బియ్యం చెరుగుతోంది. చేట లాగి అవతల పెట్టాను. ఆమె నన్ను కన్నబిడ్డలా చూసుకున్న మనిషి, నేను ఆమెను ఏనాడూ ఒక్క మాట అనలేదు. ఆ రోజు మాత్రం నోటికొచ్చిందల్లా అన్నాను. ఆ యువతి బొటనవేలు వంగదట, నీ చెయ్యి చూపించి ఇంకో చెయ్యి పాడుచేశావు అన్నాను. నేను నీళ్ళు పోసింది నీకు కనబడలేదా, ఎన్నిసార్లు చెప్పాను నీకు అని అరిచాను. పక్కింటివాళ్ళు టీవీ సౌండు తగ్గించారు.

చిన్నమ్మ మొదట తన చెయ్యి ఒళ్ళో దాచుకుంది. తరవాత ఆమెకూ కోపం వచ్చింది.

"నువ్వు పోసింది కనబడింది. అంత పెద్దామె వచ్చి, నీళ్ళు పొయ్యకు, సీము పడతాదని నా మొగం సూసి సెప్పింది కూడా కనబడింది. డాక్టరు సూసి నువ్వు సేసింది రైటని అనలేదు. నిన్ను మేడ మీదికి తోసినారు. మీ ఆస్పత్రిలోనే ఒకతె పొయ్యమన్నింది, ఒకతె వద్దన్నింది. నేను ఎవురి మాట నమ్మేది పాపా? పెద్దామె మాట నమ్మినాను. అది నా తప్పా?"

ఆమె అడిగింది న్యాయమే. వీధిలో జనానికి అజ్ఞానమని మేము కూర్చుని నవ్వుకుంటాం. ఆ అజ్ఞానానికి మా సింకు దగ్గరే ముద్ర వేసి పంపాం, తెలుగులో, ప్రేమగా. "నీ తప్పు కాదు సిన్నమ్మా" అన్నాను. ఆమె ఏడ్చింది. నేను ఏడవలేదు, నాకు ఇంకా కోపంగానే ఉంది.

మరుసటి రోజు పొద్దున కాజువాల్టీ బెంచీలన్నీ నిండి ఉన్నాయి. మేట్రన్ రౌండుకు వచ్చింది. నేను ఎదురుపోయి నిలబడి, నిన్న విరుదునగర్ పంపిన అమ్మాయి సంగతి చెప్పాను. ఆ చేతికి పిండి ఎందుకు పూశారో, ఆస్పత్రికి ఎందుకు రానివ్వలేదో, ఆ మాట ఎక్కడి నుంచి బయలుదేరిందో అన్నీ చెప్పాను. కాలినవాళ్ళకు నీళ్ళు పోయాలని ఇవాళ, ఇక్కడ, మీ నోటితో చెప్పండి అన్నాను. నా గొంతు నాకే విరుదునగర్ మేడమ్ గొంతులాగా వినబడింది.

బెంచీల మీదివాళ్ళంతా ఇటు తిరిగారు. ఆవిడ ముఖం ఎర్రబడింది. నా మోచెయ్యి పట్టుకుని, గొంతు తగ్గించి, తెలుగులో అంది.

"మెల్లగా మాట్లాడు. పేషంట్లు వింటా ఉండారు."

"విననివ్వండి" అన్నాను తమిళంలో, చివరి బెంచీ దాకా వినబడేటట్టు.